పరిచయం లేని ప్రోగ్రామింగ్ భాషకు మేనేజరును ఒప్పించడం ఎలా?

ప్రశ్న – తెల్లవారుజాము (కలం పేరు)

మా టీములో ఆరుగురం ఉన్నాము. వాడుకరుల ఫోన్లకూ బ్రౌజర్లకూ అప్పటికప్పుడు సమాచారాన్ని చేరవేసే సర్వీసు మా బాధ్యత. లాగిన్ అయి ఉన్న ప్రతి వాడుకరికీ ఒక వెబ్‌సాకెట్ కనెక్షన్ (రెండు వైపులా ఎప్పుడైనా సమాచారం పంపుకోగల దారి) తెరిచే ఉంటుంది. రద్దీ వేళల్లో ఒక్కో సర్వరు మీద అలాంటివి ఇరవై వేల దాకా ఉంటాయి. ఇదంతా పైథాన్‌లో, దాని అసింక్‌ఐఓ అనే లైబ్రరీ ఆధారంగా రాసినది. నాలుగేళ్ల క్రితం మొదలుపెట్టినప్పుడు కనెక్షన్లు వందల్లోనే ఉండేవి కాబట్టి అప్పటి నిర్ణయాన్ని నేను తప్పుపట్టడం లేదు.

ఇబ్బంది ఎక్కడంటే, అసింక్‌ఐఓలో ఒకే ఈవెంట్ లూప్ తన కింద ఉన్న కనెక్షన్లన్నిటినీ వంతులవారీగా చూస్తుంది, నడుస్తున్న పని తనంతట తాను వంతు వదిలితేనే తరువాతి పనికి అవకాశం వస్తుంది. గత నెలలో ఒక రాత్రి రెండున్నరకు నాకు ఆన్‌కాల్ ఫోన్ (సర్వీసు చెడితే వంతులో ఉన్నవారిని లేపే ఫోన్) వచ్చింది. లేచి చూస్తే గ్రాఫులో జాప్యం గీత గోడలా నిలబడి ఉంది. ఒక్క ఖాతాలో చదవని సందేశాలు లెక్కకు మించి పేరుకుపోయాయి; ఆ వాడుకరి కనెక్ట్ అయినప్పుడల్లా మా కోడు వాటన్నిటినీ ఒకే జేసన్‌గా (నెట్‌లో పంపే పాఠ్య రూపంగా) మార్చబోయి సెకన్ల తరబడి లూప్‌ను పట్టుకొని కూర్చుంటోంది. అంతసేపూ మిగతా వేలమంది ఫోన్లకు జవాబు అందక వాటి కనెక్షన్లు తెగిపోయాయి, తెగినవన్నీ ఒక్కసారిగా తిరిగి కనెక్ట్ కావడానికి వచ్చి పడ్డాయి, వాటితోపాటే ఆ పెద్ద ఖాతా కూడా మళ్లీ వచ్చింది. అది ఎవరి ఖాతాయో పట్టుకొని, తాత్కాలికంగా నిలిపివేసేసరికి తెల్లవారింది.

ఎనిమిది నెలలుగా తీరిక వేళల్లో నేను ఎలిక్సిర్ అనే భాషను నేర్చుకుంటున్నాను. అది ఎర్లాంగ్ అనే పాత భాషకు చెందిన వర్చువల్ మెషీన్ (ప్రోగ్రాములను నడిపే వ్యవస్థ) అయిన బీమ్ మీద నడుస్తుంది. అక్కడ ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో తేలికపాటి ప్రాసెస్‌ను కేటాయించవచ్చు. అది మొదట్లో రెండు మూడు కిలోబైట్ల మెమరీతో సరిపెట్టుకుంటుంది, దాని హీప్ (డేటా ఉంచుకునే మెమరీ) దానిదే, గార్బేజ్ కలెక్షన్ (వాడని మెమరీని ఖాళీ చేయడం) కూడా దేనికదే జరుగుతుంది. ఏ ప్రాసెస్ అయినా తన వాటాకు వచ్చిన కొన్ని వేల రిడక్షన్లను (పని కొలతలను) వాడుకోగానే షెడ్యూలరు దాన్ని పక్కన పెట్టి మరొకదాన్ని నడిపిస్తుంది. మా సమస్యకు ఇంతకంటే తగిన పరిష్కారం నాకు కనిపించడం లేదు.

ఈ సంగతి మా మేనేజరుగారికి ఇరవై స్లయిడ్లలో వివరించాను. 2012లో వాట్సాప్ ఎర్లాంగ్‌తో ఒకే సర్వరు మీద ఇరవై లక్షల కనెక్షన్లు నిలిపిన విషయం, 2017 నాటికి డిస్కార్డ్ అనే చాట్ సంస్థ ఎలిక్సిర్‌తో ఏకకాలంలో యాభై లక్షల మందికి సేవలందించిన విషయం అన్నీ చూపించాను. ఆవిడ స్వయంగా చాలా ఏళ్లు సి++ రాసినవారు, సాంకేతిక విషయాలను ఓపికగా వింటారు. అంతా విని, "ఇది మంచి భాషేనని ఒప్పుకుంటున్నాను. కానీ మన దగ్గర ఇది మీ ఒక్కరికే వచ్చు. నేను అడుగుతున్నది భాష సంగతి కాదు," అన్నారు. ఆ మాట నన్ను వదలడం లేదు. ఆవిడ అడుగుతున్నది ఏమిటి? దానికి నేను నిజాయితీగా ఏ జవాబు ఇవ్వగలను? ఇటువంటి పరిస్థితిని దాటివచ్చినవారు చెబితే నేర్చుకుంటాను.

జవాబు – కొలబద్ద

మేనేజరుగారి సంగతి తరువాత. మీరు చెప్పిన రాత్రి జరిగినదానిలో భాష వాటా ఎంత, మీ డిజైను వాటా ఎంత అన్నది ముందు తేల్చుకోండి, ఎందుకంటే ఆ ప్రశ్న ఆవిడ అడగకపోయినా ఆవిడ పైవారు తప్పకుండా అడుగుతారు.

చదవని సందేశాలన్నిటినీ ఒకేసారి పంపాలనుకోవడం ఏ భాషలోనైనా పొరపాటే, విడతలవారీగా పంపాలి. తెగిన కనెక్షన్లన్నీ ఒక్కుమ్మడిగా తిరిగి రావడానికి కారణం ఫోన్లలోని మీ కోడు: ప్రతి విఫల ప్రయత్నం తరువాత నిరీక్షణను రెట్టింపు చేస్తూ, దానికి కొంత యాదృచ్ఛికతను కలిపితే ఆ తాకిడి చెదిరిపోతుంది. ఇది చేయకుండా ఎలిక్సిర్‌కు మారినా అదే వరద అదే తలుపు మీదకు వస్తుంది. తప్పనిసరిగా బరువుగా ఉండే జేసన్ పనిని వేరే ప్రాసెస్‌ల పూల్‌కు (పక్కన విడిగా నడిచే ప్రోగ్రాముల గుంపుకు) అప్పగించండి. థ్రెడ్ల పూల్‌కు అప్పగిస్తే ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే పైథాన్ కోడు నడపనిచ్చే జిల్ అనే తాళం కారణంగా మీకు పెద్దగా ఉపశమనం దొరకదు.

ఇంకొకటి. అసింక్‌ఐఓకు డీబగ్ మోడ్ ఉంది. దాన్ని టెస్ట్ సర్వరులో ఆన్ చేసి, ప్రొడక్షన్‌ను (వాడుకరులు నిజంగా వాడే సర్వరును) పోలిన ట్రాఫిక్‌ను దాని మీదకు మళ్లించండి. 100 మిల్లీసెకన్లకు మించి లూప్‌ను పట్టుకున్న ప్రతి కాల్‌బ్యాక్‌నూ (లూప్ పిలిచే పనినీ) అది లాగులో రాసి చూపిస్తుంది. ఒక వారం పాటు ఆ జాబితాను సేకరించి, సరిచేయగలిగినవన్నీ పైథాన్‌లోనే సరిచేయండి. ఆ తరువాత కూడా మిగిలే బాధ ఏదైతే ఉందో అదే మీ అసలు వాదన. ఏమీ మిగలకపోతే, ఒక భాషను తలకెత్తుకునే శ్రమ మీ టీముకు తప్పినట్టే.

జవాబు – దూకుడు

నా అనుభవం వేరు. నేను అనుమతి అడగలేదు. లాగులను జల్లెడ పట్టే చిన్న సాధనాన్ని గో భాషలో రాసి వాడటం మొదలుపెట్టాను, నెల తిరిగేసరికి టీములో అందరూ దాన్నే వాడారు, అప్పుడు అది ఏ భాషలో ఉందని ఎవరూ పట్టించుకోలేదు. పని చేసి చూపిస్తే మాటలతో పని ఉండదని నేను నమ్ముతాను.

జవాబు – లెక్కపుస్తకం

పన్నెండేళ్లు కోడు రాసి, తొమ్మిదేళ్లుగా మేనేజరుగా ఉన్నాను. ఇలాంటి ప్రతిపాదనలు నా బల్ల మీదకు చాలా వచ్చాయి. కొన్నింటికి సరే అన్నాను, ఎక్కువ వాటికి వద్దన్నాను, వద్దన్నవాటిలో ఒకటి రెండింటి విషయంలో ఇప్పటికీ బాధపడుతున్నాను. కాబట్టి ఆవిడ కుర్చీలో కూర్చొని చెబుతాను.

ముందుగా వాట్సాప్‌నూ డిస్కార్డ్‌నూ పక్కన పెట్టండి. 2014లో ఫేస్‌బుక్ కొన్ననాటికి వాట్సాప్‌ను నెలకు దాదాపు 45 కోట్ల మంది వాడేవారు, దాన్ని నడిపిన ఇంజనీర్లు కొన్ని పదుల మందే. ఎర్లాంగ్‌కు ఎంత సత్తా ఉందో దాన్ని బట్టి తెలుస్తుంది. మీ ఆరుగురు దాన్ని మోయగలరా లేదా అన్నది మాత్రం తెలియదు. ఆ ఉదాహరణలు వింటున్నప్పుడు నా మనసులో మెదిలే ఆలోచన ఒక్కటే: ఆ సంస్థలో ఆ భాషను లోతుగా ఎరిగినవారు ఉన్నారు, నా దగ్గర లేరు.

మీరు ఎర్లాంగ్ చరిత్రను చూపించదలచుకుంటే, దాని పుట్టింటి కథే చెప్పండి. టెలికాం పరికరాలు చేసే ఎరిక్సన్ సంస్థ ప్రయోగశాలలో 1986లో జో ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ భాషకు అంకురార్పణ చేశారు, రాబర్ట్ విర్డింగ్, మైక్ విలియమ్స్ ఆయనకు తోడయ్యారు. 1998 నాటికి ఏఎక్స్‌డీ301 అనే టెలికాం స్విచ్ పది లక్షలకు పైగా ఎర్లాంగ్ లైన్లతో బయటికి వచ్చింది. అదే సంవత్సరం ఎరిక్సన్‌లోని రేడియో విభాగం కొత్త ఉత్పత్తులలో ఎర్లాంగ్‌ను వాడరాదని నిషేధించింది. భాష చెడ్డదని కాదు. తనకు మాత్రమే సొంతమైన భాషను, దాని కంపైలరునూ పనిముట్లనూ శిక్షణనూ తానొక్కతే ఎల్లకాలం భరించాలా అన్నది ఆ సంస్థ పెద్దల ప్రశ్న. ఆ ఏడాది డిసెంబరులో దాన్ని ఓపెన్‌సోర్స్‌గా విడుదల చేశాకనే ఆ భారం నలుగురి భుజాల మీదకు చేరి భాష బతికి బట్టకట్టింది. మీ మేనేజరుగారు అడుగుతున్నది కూడా, మరీ చిన్న స్థాయిలో, ఆ ప్రశ్ననే. మీ టీములో ఎలిక్సిర్ ఇప్పుడు మీ ఒక్కరి సొంత భాష.

ఇక నేను లోలోపల ఏమేమి లెక్కవేస్తానో చెబుతాను. రాత్రి రెండున్నరకు ఫోన్ వస్తే ఆరుగురిలో ఎవరు తీసినా పని జరగాలి, ఎవరు తీశారన్నదాన్ని బట్టి సర్వీసు భవితవ్యం మారకూడదు. ఇప్పుడున్న బిల్డ్ వ్యవస్థ, లాగుల సేకరణ, మానిటరింగ్, భద్రతా పరిశీలన అన్నీ పైథాన్‌కు అలవాటు పడి ఉన్నాయి, ప్రతిదానికీ రెండో రూపం కావాలి, ఆ పనిని ప్రతిపాదన తెచ్చినవారు తమ అంచనాలో ఎన్నడూ కలపరు. మనుషుల విషయానికి వస్తే, మంచి ప్రోగ్రామరు కొత్త భాషను నేర్చుకోగలడని నాకు తెలుసు. అయితే వాక్యనిర్మాణం నేర్చుకోవడానికి వారాలు చాలు గాని, ప్రొడక్షన్‌లో అది ఎలా చెడుతుందో తెలియడానికి నెలలు పడుతుంది.

ఇక్కడే మిమ్మల్ని ఒక ప్రశ్న అడగాలని ఉంది. ఎలిక్సిర్ ఏ విధంగా చెడుతుంది? మీ ప్రశ్నలో దాని మంచి గుణాలన్నీ ఉన్నాయి, ఒక్క దోషమూ లేదు. నా దగ్గరకు వచ్చేవారు తమ భాష గొప్పతనాన్ని గంటసేపు చెప్పగలరు. "ఇది నన్ను ఇలా దెబ్బతీయగలదు, అప్పుడు నేను ఇలా చేస్తాను" అని రెండు నిమిషాలు చెప్పినవారిని మాత్రం తొమ్మిదేళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నేను సరే అన్నది వారికే.

వెనక్కి వచ్చే దారిని కూడా ముందే రాసిపెట్టండి. రెడిట్ అనే చర్చావేదిక 2005లో మొదలైనప్పుడు కామన్ లిస్ప్ భాషలో ఉండేది; ఆ సంవత్సరం డిసెంబరులోనే దాన్ని పైథాన్‌లో తిరగరాశారు. సర్వీసు చిన్నదిగా ఉండగానే మారారు కాబట్టి అది సాధ్యపడింది. ఏ గుర్తులు కనిపిస్తే ఆపేస్తారో, ఆపడానికి ఎన్ని రోజులు పడుతుందో మీ నోటితో మీరే చెబితే, ఆవిడ అడగవలసిన అతి కష్టమైన ప్రశ్న ఆవిడకు తప్పుతుంది.

దూకుడు గారూ, మీ సాధనం చిన్నది, ఎవరి నిద్రనూ చెడగొట్టేది కాదు కనుక ఇబ్బంది రాలేదు. వేలమంది కనెక్షన్లను పట్టుకొని ఉండే సర్వీసును అలా చెప్పకుండా పెడితే, అది మొదటిసారి చెడిన రోజున భాషతోపాటు మనిషి మీద నమ్మకం కూడా పోతుంది.

జవాబు – తాళంచెవి

దూకుడు గారు చెప్పిన దారిలోనే నేను నడిచాను, అందుకే ఇది రాయక తప్పడం లేదు.

రెండు ఉద్యోగాల క్రితం, ప్రతి రాత్రి రెండు వ్యవస్థల లావాదేవీలను సరిపోల్చి తేడాలు చూపే ప్రోగ్రామును నేను హాస్కెల్ అనే భాషలో రాశాను. మేనేజరు అభ్యంతరం చెప్పలేదు, ఎందుకంటే ఆయనకు ఫలితం మాత్రమే కావలసి వచ్చింది. కోడు అందంగా వచ్చింది. టైపులే సగం తప్పులను పట్టుకునేవి, ఏడాదిన్నర పాటు ఒక్క తేడా కూడా తప్పుగా చూపలేదు. ఆ తరువాత నేను ఉద్యోగం మారాను. వచ్చేముందు నలభై పేజీల పత్రం రాసి ఇచ్చి, నా బాధ్యత తీరిందనుకున్నాను.

ఎనిమిది నెలలకు పాత సహోద్యోగి ఫోన్ చేశాడు. లావాదేవీలు పెరిగేకొద్దీ ఆ ప్రోగ్రాము మెమరీని మింగేస్తూ మధ్యలో ఆగిపోతోందట. వాళ్లు ఏం చేశారో తెలుసా? రాత్రంతా ప్రతి గంటకూ దాన్ని చంపి మళ్లీ మొదలుపెట్టే క్రాన్ జాబ్ (వేళకు తనంతట నడిచే పని) పెట్టుకున్నారు. అలా నాలుగు నెలలు నెట్టుకొచ్చారు. ఫోన్‌లోనే కోడు చదివించుకొని విన్నాను. మొత్తాలను కూడే చోట నేను ఫోల్డ్‌ఎల్ అనే ఫంక్షన్ వాడాను. హాస్కెల్ విలువలను అవసరం పడేదాకా లెక్కించదు కాబట్టి కూడికలన్నీ జరగకుండానే గొలుసులా పేరుకుపోతున్నాయి. వెంటనే లెక్కించే రూపం పేరు చివర ఒక చిన్న అపాస్ట్రఫీ అదనంగా ఉంటుంది. తేడా అంతే. ఒక్క అక్షరం కూడా కాదు, ఒక గుర్తు. హాస్కెల్ తెలిసినవారికి ఇది మొదటి ఏడాదిలోనే అనుభవంలోకి వచ్చే సంగతి. ఆ టీములోని నలుగురూ తెలివైనవారు, కష్టపడేవారు. అయినా ఎక్కడ చూడాలో వారికి తెలిసే అవకాశమే నేను కల్పించలేదు. ఆ తరువాత దాన్ని జావాలో తిరగరాసుకున్నారు.

నా పత్రంలో ప్రోగ్రాము ఎలా పనిచేస్తుందో నలభై పేజీలు ఉంది. పనిచేయనప్పుడు ఏం చేయాలో ఒక్క పేజీ కూడా లేదు. అందుకే లెక్కపుస్తకం గారు అడిగిన ప్రశ్న నాకు సూదిలా గుచ్చుకుంది.

తెల్లవారుజాము గారూ, మేనేజరుగారి దగ్గరకు మళ్లీ వెళ్లేముందు రెండో మనిషిని వెతకండి. మీరు రాసినదాన్ని మెచ్చుకునే మనిషి సరిపోడు. మీరు లేని రోజున దాన్ని విప్పి మళ్లీ బిగించగలిగిన మనిషి కావాలి. టీములో అలాంటివారు ఒక్కరు కూడా ముందుకు రాకపోతే, అదే మీకు జవాబు అనుకోండి.

జవాబు – పక్కదారి

మేము జావా వాడే చోట కాట్లిన్‌ను తీసుకువచ్చాము. మా పని మీ పనికంటే సులువు, ఎందుకంటే ఆ రెండు భాషలూ ఒకే ప్రాజెక్టులో పక్కపక్కన ఉండి ఒకదాన్నొకటి పిలుచుకోగలవు. 2016 ఫిబ్రవరిలో కాట్లిన్ 1.0 వచ్చాక మేము మొదట టెస్టులను మాత్రమే అందులో రాశాము. నచ్చకపోతే ఒక ఫోల్డరు తీసేస్తే సరిపోతుంది, వాడుకరికి చేరే కోడులో ఒక్క లైను కూడా మారదు అని చెప్పినప్పుడు మా మేనేజరు ముఖం తేటపడింది. మరుసటి ఏడాది గూగుల్ దాన్ని ఆండ్రాయిడ్‌కు అధికారిక భాషగా ప్రకటించడం మాకు కలిసివచ్చింది గాని, అప్పటికే మా టీము సగం అలవాటు పడింది.

నేను చేసిన ఒక తప్పు మాత్రం చెప్పాలి. "ఇక నల్ పాయింటర్ ఎక్సెప్షన్ అన్న మాటే ఉండదు" అని నిండు సమావేశంలో మాట ఇచ్చాను. విలువ లేనిదాన్ని (నల్) ఉన్నట్టు వాడబోతే వచ్చే తప్పు అది. మూడో నెలలో ప్రొడక్షన్‌లో సరిగ్గా అదే వచ్చింది. జావా కోడు నుంచి వచ్చే విలువ నల్ కావచ్చునో కాదో కాట్లిన్ కంపైలరుకు చాలాసార్లు తెలియదు, అక్కడ అది ప్రోగ్రామరు మాటను నమ్ముతుంది; మేము ఒక పాత జావా క్లాసు నుంచి వచ్చిన పేరు ఎప్పుడూ ఖాళీగా ఉండదని నమ్మాము. సరిచేయడానికి పది నిమిషాలు పట్టింది, కోల్పోయిన నమ్మకం తిరిగి రావడానికి ఏడాది పట్టింది. ఎంత నమ్మకం ఉన్నా ఏ భాష తరఫునా హామీ ఇవ్వకండి.

మీకు ఒకే ప్రాజెక్టులో కలిపే సౌకర్యం లేదు కాబట్టి, సర్వీసులో ఒక చిన్న ముక్కను నెట్‌వర్కు సరిహద్దు దగ్గర విడదీయండి. పోయినా మళ్లీ పుట్టించుకోగల డేటా మాత్రమే ఉండే ముక్కను ఎంచుకోండి.

తెల్లవారుజాము

అందరికీ ధన్యవాదాలు. ఏడు వారాల తరువాత తిరిగి రాస్తున్నాను.

కొలబద్ద గారు చెప్పినట్టే డీబగ్ మోడ్ ఆన్ చేసి చూశాము. సందేశాలను విడతలవారీగా పంపడం, ఫోన్లలో నిరీక్షణకు యాదృచ్ఛికతను జోడించడం, బరువైన జేసన్‌ను ప్రాసెస్‌ల పూల్‌కు తరలించడం మూడూ పైథాన్‌లోనే చేశాము. ఆ తరువాత ఆన్‌కాల్ ఫోన్లు బాగా తగ్గాయి. ఈ సంగతిని దాచకుండా మేనేజరుగారికి చెప్పాను. నా ప్రతిపాదన బలహీనపడుతుందని తెలిసే చెప్పాను. మిగిలినది ఏమిటంటే, ఎవరు ఆన్‌లైన్‌లో ఉన్నారో లెక్కపెట్టి పరిచయస్తులందరికీ తెలియజేసే భాగం. అందులో బరువైన పని ఒక్కటి కూడా లేదు, కోట్ల కొద్దీ చిన్న పనులు ఉన్నాయి, రద్దీ వేళలో లూప్ వాటి కింద నలిగిపోతోంది. ఇది సరిగ్గా బీమ్‌కు తగిన పని, పైగా డేటా పోయినా కనెక్షన్లను చూసి నిమిషంలో మళ్లీ పుట్టించుకోవచ్చు.

రెండో మనిషిని వెతకమన్నారు కదా. మా టీములో అందరికంటే తక్కువ మాట్లాడే ఒక అమ్మాయి ముందుకు వచ్చింది. నేను రాసిన నమూనాను ఆమెకు వివరించకుండా ఇచ్చి, కావాలని ఒక దోషం పెట్టి, కనుక్కోమన్నాను. మొదటిరోజు సాయంత్రం దాకా ఆమెకు చిక్కలేదు. రెండో రోజు, నడుస్తున్న నోడ్‌కు (బీమ్ సర్వరుకు) షెల్ (ఆదేశాలిచ్చే కిటికీ) తగిలించి, ప్రాసెస్‌లను వాటి మెయిల్‌బాక్సుల (వచ్చి వేచి ఉన్న సందేశాల వరుసల) పొడవును బట్టి వరుసలో పెట్టి చూసింది. ఒక్కదాని దగ్గర మూడు లక్షల సందేశాలు వేచి ఉన్నాయి. అన్ని కనెక్షన్లూ ఆ ఒక్క ప్రాసెస్‌నే అడిగేలా నేను రాశాను, బీమ్‌లో మెయిల్‌బాక్సుకు హద్దు ఉండదు కాబట్టి అది మెమరీ నిండేదాకా పెరుగుతూనే ఉంటుంది. ఆమె అక్కడితో ఆగకుండా నేను పెట్టని మరో దోషాన్ని కూడా పట్టుకుంది. ఫోన్ల నుంచి వచ్చే స్థితి పేర్లను నేను నేరుగా ఆటమ్‌లుగా (వర్చువల్ మెషీన్ పట్టికలో నమోదయ్యే పేర్లుగా) మార్చాను. ఆటమ్‌లను గార్బేజ్ కలెక్టరు ముట్టుకోదు, వాటి పరిమితి మామూలుగా 10,48,576, అది దాటితే ఒక ప్రాసెస్ కాదు, మొత్తం వర్చువల్ మెషీనే కూలిపోతుంది. ఎవరైనా పనిగట్టుకొని కొత్త కొత్త పేర్లు పంపితే చాలు. ఎనిమిది నెలలుగా నేర్చుకుంటున్న నాకు తట్టని విషయం ఆమెకు రెండు వారాల్లో తట్టింది.

ఈసారి స్లయిడ్లు చేయలేదు. ఒకే పేజీ రాశాను, అందులో పై సగం అంతా ఎలిక్సిర్ మమ్మల్ని ఎలా దెబ్బతీయగలదన్నదే: హద్దులేని మెయిల్‌బాక్సు, ఆటమ్‌ల పరిమితి, ఐదు సెకన్లలో మూడుసార్లకు మించి పిల్ల ప్రాసెస్ కూలితే దాన్ని తిరిగి లేపే సూపర్‌వైజరు తానూ కూలిపోయే తీరు, ప్రతిదాని పక్కన దాన్ని గుర్తించే గ్రాఫు, చేయవలసిన పని. కింది సగంలో బిల్డ్, లాగులు, మానిటరింగ్ పనులకు పట్టే రోజులు, చివరన వెనక్కి వచ్చే దారి. పైథాన్ భాగం తీసేయము, పక్కన నడుస్తూనే ఉంటుంది, ఒక సెట్టింగు మార్చితే ట్రాఫిక్ మళ్లీ దానికే వెళుతుంది.

మేనేజరుగారు ఆ పేజీని నా ఎదుటే రెండుసార్లు చదివారు. "మొదటి నెల ఆన్‌కాల్ నేనే చూసుకుంటాను" అని నేను రాసిన వాక్యాన్ని పెన్నుతో కొట్టివేశారు. నేను త్యాగం అనుకొని రాసిన ఆ ఒక్క వాక్యమే ఆవిడకు నచ్చలేదు. దాని స్థానంలో, "మొదటి నెల ఆన్‌కాల్ వరుసలో మీరు ఉండకూడదు. ఆ అమ్మాయీ, ఇంకా ఈ భాష మొదలుపెట్టని మరొకరూ చూస్తారు. ఈ పేజీ సాయంతో వాళ్లు సరిచేయలేకపోతే ట్రాఫిక్‌ను పైథాన్‌కు మళ్లిస్తారు, మిమ్మల్ని నిద్ర లేపరు," అని చెప్పి, ఎనిమిది వారాల గడువు ఇచ్చారు. సోమవారం మొదలుపెడుతున్నాము. ఆ అమ్మాయికి తోడుగా ఆ మరొకరుగా ఎవరిని పెట్టాలా అని నేను ఆలోచిస్తుండగా, భాష నేర్చుకోవడానికి ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని ఆవిడే అడిగారు.

లెక్కపుస్తకం

ఆ పేజీ పై సగాన్ని సర్వీసు కోడు ఉన్న చోటే ఉంచండి, కొత్త దోషం బయటపడిన రోజునే అందులో చేర్చండి. ఎనిమిది వారాలు పూర్తయ్యాక ఏమైందో, ముఖ్యంగా ట్రాఫిక్‌ను వెనక్కి మళ్లించవలసి వస్తే ఎందుకు వచ్చిందో, ఇక్కడ తప్పక రాయండి.